స్పోర్ట్స్ బెట్టింగ్ మొదలుపెట్టే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆట చూస్తూ "ఈరోజు ఈ జట్టే గెలుస్తుంది" అని మనసులో అనుకోనివాళ్లు ఉండరు. ఆ మాట మీద డబ్బు పెట్టాలనిపించిన రోజు నుంచి వచ్చే ప్రశ్నలివి. నేను కొన్నేళ్లు పందేలు కాశాను, కాసిన ప్రతిదీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ నోట్‌బుక్ నాకు నేర్పినదాంట్లో ముప్పాతిక భాగం లెక్కలే. అందుకే కింద లెక్కలు కాస్త ఎక్కువగా ఉంటాయి. అవి అర్థం కాకుండా ఎవరూ డబ్బు పెట్టకూడదని నా కోరిక.

బెట్టింగ్‌తో డబ్బు సంపాదించవచ్చా?

ఎక్కువమంది సంపాదించలేరు. ఏళ్ల తరబడి లాభంలో ఉండేవాళ్లు కొద్దిమంది ఉన్నారు, కానీ వాళ్లకు ఇది పూర్తిస్థాయి పని. గణాంకాలు తవ్వాలి, కంప్యూటర్ మోడళ్లు తయారు చేసుకోవాలి, నాలుగైదు చోట్ల ధరలు పోల్చి చూడాలి. అంత చేసినా మిగిలేది పెట్టిన మొత్తంలో చిన్న శాతమే. పైగా ఎవరైనా నిలకడగా గెలుస్తున్నారని పసిగడితే చాలా కంపెనీలు ఆ ఖాతాలో పెట్టగలిగే మొత్తాన్ని బాగా కుదించేస్తాయి.

సినిమా టికెట్‌కు పెట్టిన డబ్బు తిరిగి వస్తుందని ఎవరూ అనుకోరు. దీనికి పెట్టేదాన్నీ అలాగే చూడాలి. అప్పు తీర్చడానికో, అర్జెంటుగా డబ్బు అవసరమయ్యో ఇటు చూస్తున్నట్టయితే దయచేసి ఇక్కడే ఆగిపోండి. ఆ పరిస్థితిలో మొదలుపెట్టినవాళ్లకు అప్పు పెరగడమే నేను చూశాను.

ఇది చట్టబద్ధమేనా?

మీరు ఏ దేశంలో, ఏ రాష్ట్రంలో ఉన్నారో దాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో 2005 నాటి గ్యాంబ్లింగ్ చట్టం కింద లైసెన్సు ఉన్న కంపెనీలు పందేలు తీసుకోవచ్చు. అమెరికాలో 2018 మే నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ నిర్ణయం రాష్ట్రాల చేతికి వెళ్లింది. కొన్ని ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు. భారత్‌లో 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. బెట్టింగ్ కూడా అందులోకే వస్తుంది.

యాప్ ఫోన్‌లో తెరుచుకుంటోంది కాబట్టి ఫర్వాలేదు అనుకోవద్దు. చట్టం వద్దన్న చోట శిక్ష భయం ఒక్కటే కాదు, మీ డబ్బు ఎవరైనా ఎగ్గొట్టినా ఎవరి దగ్గరికీ వెళ్లి అడగలేరు. మీ దగ్గర నిషేధం ఉంటే పందెం కాయొద్దు. ఈ లెక్కలు తెలుసుకుంటే చాలు, ఆట చూసేటప్పుడు అవి వేరే రకంగా పనికొస్తాయి.

ఆడ్స్ అంటే ఏమిటి? ఎలా చదవాలి?

ఆడ్స్ అంటే పందేనికి బుక్‌మేకర్ (పందేలు తీసుకునే కంపెనీ) కట్టిన ధర. మూడు రకాలుగా రాస్తారు. దశాంశ పద్ధతిలో 2.50 అని ఉంటే, 100 పెట్టి గెలిచినప్పుడు మీ చేతికి 250 వస్తుంది. అందులో 100 మీదే, లాభం 150. బ్రిటిష్ పద్ధతిలో ఇదే ధరను 6/4 అని (4 పెడితే 6 లాభం), అమెరికన్ పద్ధతిలో +150 అని (100 పెడితే 150 లాభం) రాస్తారు. అమెరికన్ పద్ధతిలో మైనస్ గుర్తు ఉంటే 100 గెలవడానికి ఎంత పెట్టాలో చెబుతున్నట్టు: -110 అంటే 110 పెడితే 100 లాభం. కొత్తవారికి దశాంశ పద్ధతే సులువు, యాప్ సెట్టింగ్స్‌లో దానికి మార్చుకోండి.

ధర చూడగానే మీరు చేయాల్సిన లెక్క ఒకటుంది. 1ని ఆ ఆడ్స్‌తో భాగించండి. 2.50 అయితే 0.40, అంటే 40 శాతం. 1.25 అయితే 80 శాతం. ఆ ధర దగ్గర నష్టం లేకుండా ఉండాలంటే మీ పందెం కనీసం అన్నిసార్లు నెగ్గాలి. ఈ ఒక్క లెక్క అలవాటైతే ఆడ్స్‌ను చూసే చూపే మారిపోతుంది.

బుక్‌మేకర్‌కు లాభం ఎక్కడి నుంచి వస్తుంది?

ధరలోనే కలిపేసి ఉంటుంది. టాస్ మీద పందెం అనుకుందాం. బొమ్మా బొరుసూ చెరి 50 శాతం, కాబట్టి న్యాయమైన ధర రెండింటికీ 2.00. కానీ బుక్‌మేకర్ ఇచ్చేది 1.91 లాంటి ధర. 1.91కి శాతం లెక్కేస్తే 52.4 వస్తుంది. రెండు వైపులా కలిపితే 104.7. వందకు పైన ఉన్న ఆ భాగమే అతని మార్జిన్.

ఫుట్‌బాల్ మ్యాచ్‌లో గెలుపు, డ్రా, ఓటమి మూడింటికీ 2.10, 3.40, 3.60 ఉన్నాయనుకోండి: 47.6, 29.4, 27.8. మొత్తం మళ్లీ 104.8. "తర్వాతి గోల్ ఎవరు కొడతారు", "మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఎవరు" లాంటి చిన్నచిన్న పందేల్లో ఈ మొత్తం ఇంకా పైకి పోతుంది. డబ్బు పెట్టే ముందు అన్ని ఫలితాల శాతాలూ కూడి చూడండి. 115, 120 కనబడితే అటు పోవద్దు.

నాకు ఆట బాగా తెలుసు. అది చాలదా?

నేనూ ఇలాగే అనుకున్నాను. ఆటగాళ్ల ఫామ్, పిచ్, గాయాలు అన్నీ నోటికి వచ్చు. అయినా డబ్బు పోయేది. కారణం అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. ఎవరు గెలుస్తారన్నది సగం ప్రశ్నే. ఆ గెలుపుకు ఇస్తున్న ధర సరిపోతుందా అన్నది మిగతా సగం.

బలమైన జట్టు గెలిచే అవకాశం 70 శాతం అని మీ అంచనా, ధర 1.35 అనుకుందాం. ఇలాంటి పందేలు వంద, ఒక్కోటి 100 చొప్పున పెడితే ఖర్చు 10,000. డెబ్బై నెగ్గితే తిరిగొచ్చేది 9,450. పదింట ఏడుసార్లు మీ మాటే నిజమైంది, అయినా 550 పోయింది. ఇప్పుడు 25 శాతం అవకాశమున్న బలహీన జట్టుకు 4.50 ఇస్తున్నారనుకోండి. వందలో డెబ్బై అయిదు ఓడిపోతారు. గెలిచిన పాతిక మాత్రం 11,250 తెచ్చిపెడతాయి. గెలిచే అవకాశానికి మించిన ధర దొరకడాన్నే బెట్టింగ్ చేసేవాళ్లు "వాల్యూ" అంటారు.

చిక్కల్లా ఆ శాతాన్ని బుక్‌మేకర్ కన్నా మీరు మెరుగ్గా అంచనా వేయగలగడంలో ఉంది. పెద్ద మ్యాచ్‌ల ధరల వెనుక లక్షల మంది డబ్బు, నిపుణుల మోడళ్లు ఉంటాయి. మీకు తెలిసిన గాయం వార్త వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది. మన అభిమాన జట్టు విషయంలో మన అంచనా మరీ చెడిపోతుంది. నా నోట్‌బుక్‌లో నా సొంత జట్టు మీద కాసిన పందేల లెక్క చూశాక ఆ జట్టు మ్యాచ్‌ల మీద పెట్టడం పూర్తిగా మానేశాను. మీరూ మొదటి రోజు నుంచే అలా చేయమని నా సలహా.

ఏ రకం పందేలతో మొదలుపెట్టాలి?

నేరుగా ఎవరు గెలుస్తారన్నదానితో. అది అలవాటయ్యాక హ్యాండిక్యాప్, టోటల్స్ చూడొచ్చు. హ్యాండిక్యాప్‌లో బలమైన జట్టుకు ముందే కొన్ని గోల్స్ లేదా పాయింట్లు తగ్గించి లెక్కేస్తారు. టోటల్స్‌లో మొత్తం స్కోరు ఒక గీత పైనా కిందా అని చెప్పాలి. ఫుట్‌బాల్‌లో 2.5 గోల్స్ అని ఉంటే, మూడు పడితే పైన, రెండు పడితే కింద.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది నిబంధనల దగ్గర. ఫుట్‌బాల్ మ్యాచ్ ఫలితం మీద మామూలు పందెం 90 నిమిషాలకూ రిఫరీ కలిపే కొద్ది నిమిషాలకే వర్తిస్తుంది. ఎక్స్‌ట్రా టైమ్‌లో మీ జట్టు కప్పు గెలిచినా, 90 నిమిషాలకు స్కోరు సమమైతే మీరు ఓడినట్టే. క్రికెట్‌లో వర్షం పడినప్పుడు, టై అయినప్పుడు ఏం జరుగుతుందో, టెన్నిస్‌లో ఆటగాడు మధ్యలో తప్పుకుంటే పందెం రద్దవుతుందో లేదో కంపెనీకో రకంగా ఉంటుంది. ముందే చదవండి.

నాలుగైదు మ్యాచ్‌లు కలిపి పెడితే భారీగా వస్తుంది కదా?

వస్తుంది, కానీ రావాల్సినంత రాదు. ఇలా కలిపి కాసేదాన్ని అక్యుములేటర్ అంటారు, అన్నీ నెగ్గితేనే డబ్బు వస్తుంది. అందులో ఆడ్స్‌తో పాటు మార్జిన్ కూడా హెచ్చవుతూ పోతుంది. 1.91 ధరలు అయిదు కలిపితే 25.4. అయిదూ నెగ్గితే 100కి సుమారు 2,540 చేతికొస్తుంది. చూడటానికి బాగానే ఉంది. కానీ అయిదు సరిసమానమైన పందేలు వరుసగా నెగ్గే అవకాశం 32లో ఒకటి, న్యాయంగా రావాల్సింది 3,200. విడిగా పెడితే వందకు నాలుగున్నర పోయే చోట, కలిపితే వందకు ఇరవై పోతుంది. యాప్‌లు వీటినే ముందు పేజీలో ఎందుకు పెడతాయో ఈ లెక్క చెబుతుంది. విడివిడిగానే పెట్టండి.

ఒక్కో పందెం మీద ఎంత పెట్టాలి?

ముందు ఒక మొత్తం పక్కన పెట్టుకోండి. అది మొత్తం పోయినా అద్దె, ఫీజులు, వాయిదాలు, ఇంటి ఖర్చు ఏదీ కదలకూడదు. దాన్ని బ్యాంక్‌రోల్ అంటారు. అందులో ఒక శాతం, మహా అయితే రెండు శాతం ఒక పందేనికి. ఎంత నమ్మకం ఉన్నా అంతే. "ఇది ష్యూర్" అనిపించిన రోజున పెంచకుండా ఉండటం చెప్పినంత తేలిక కాదు, అందుకే నియమం ముందే కాగితం మీద రాసుకోండి.

1956లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో పనిచేసే జాన్ కెల్లీ ఎంత పెట్టాలో చెప్పే సూత్రం ఒకటి కనిపెట్టారు. 2.00 ధర ఉన్న పందెం నెగ్గే అవకాశం నిజంగా 53 శాతం అయితే బ్యాంక్‌రోల్‌లో 6 శాతం పెట్టొచ్చని అది అంటుంది. కానీ ఆ 53 అన్నది మీ అంచనా. అసలు సంఖ్య 50 అయితే అదే సూత్రం సున్నా పెట్టమంటుంది. అంచనాల మీద నమ్మకం కుదిరేదాకా దాని జోలికి పోవద్దు.

అప్పు తెచ్చి, క్రెడిట్ కార్డు వాడి ఎప్పుడూ పెట్టొద్దు. బ్రిటన్‌లో బెట్టింగ్ చట్టబద్ధమే అయినా, 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో జూదం ఆడటాన్ని అక్కడ నిషేధించారు.

ఓడినప్పుడల్లా రెట్టింపు చేస్తే ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తాం కదా?

10తో మొదలుపెడదాం: 10, 20, 40, 80, 160, 320, 640. ఏడూ పోతే నష్టం 1,270. ఎనిమిదో పందెం 1,280. అంటే 2,550 రిస్క్ చేస్తున్నది 10 గెలవడానికి. పైగా అది 2.00 ధర దొరికితేనే. 1.91 దగ్గర ఆ ఎనిమిదోది నెగ్గినా ఇంకా 105 నష్టంలోనే ఉంటారు. వరుసగా ఏడు ఓడటం అరుదైన సంగతేమీ కాదు, ఎక్కువ రోజులు ఆడే ఎవరికైనా ఎదురవుతుంది.

వరుసగా ఓడుతున్నాను. ఇక గెలుపు రావాలి కదా?

రావాల్సిన అవసరం లేదు. 1913 ఆగస్టు 18న మాంటే కార్లో కాసినోలో రూలెట్ చక్రం వరుసగా 26 సార్లు నలుపు మీద ఆగింది. "ఇక ఎరుపు రాక తప్పదు" అని మధ్యలో ఎరుపు మీద కట్టినవాళ్లు కుప్పలు కుప్పలుగా పోగొట్టుకున్నారు. ముందు ఏం జరిగిందో చక్రానికి గుర్తుండదు. మీ తర్వాతి పందేనికీ అంతే.

సగం సగం అవకాశమున్న వంద పందేల్లో ఎక్కడో ఒకచోట వరుసగా ఆరు ఓడే అవకాశం సగానికి మించి ఉంటుంది. కాబట్టి ఆరు ఓడటం శాపమూ కాదు, ఏడోది గెలుస్తామన్న హామీ కూడా కాదు. "పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి" అనే మాట బెట్టింగ్‌లో ఉన్నవాళ్ల నోట ఎన్నిసార్లు విన్నానో. సర్వం పోయి, పెద్దల దయతో తిరిగి దక్కాక కూడా ధర్మరాజు రెండోసారి పాచికల దగ్గర కూర్చున్నాడు. అడవికి పోయింది ఆ రెండో ఆట తర్వాతే. రోజుకు ఇంత నష్టం చాలని గీత గీసుకుని, అక్కడికి రాగానే ఫోన్ పక్కన పెట్టేయండి.

నాకు నైపుణ్యం ఉందో, అదృష్టం కలిసొచ్చిందో ఎలా తెలుస్తుంది?

రాయండి. తేదీ, మ్యాచ్, పందెం రకం, ధర, పెట్టిన మొత్తం, ఎందుకు పెట్టారో ఒక వాక్యం, ఫలితం. ఫలితం తెలియకముందే కారణం రాయాలి, లేకపోతే మన జ్ఞాపకం మనకు అనుకూలంగా మారిపోతుంది.

తొందరపడి తీర్మానించొద్దు. ఏ నైపుణ్యం లేకుండా, బొమ్మా బొరుసూ వేసి 1.91 దగ్గర వంద పందేలు కాసినవాళ్లలో కూడా పదిమందికి ముగ్గురు లాభంలోనే ఉంటారు. వెయ్యి పందేలు కాస్తే అలా మిగిలేది వందకు ఏడుగురు. మొదటి నెల లాభం చూసి ఉద్యోగం మానేసే ఆలోచన చేసేవాళ్లకు ఈ రెండు సంఖ్యలు తప్పకుండా చెప్పండి.

ఇంతకన్నా త్వరగా తెలుసుకునే దారి ఒకటుంది. మీరు పెట్టినప్పటి ధరను, మ్యాచ్ మొదలయ్యే క్షణంలో ఉన్న ధరతో పోల్చండి. మీరు 2.20కి తీసుకున్నది మొదలయ్యేసరికి 2.00కి దిగితే మార్కెట్ మీ వైపు వచ్చినట్టు. చాలా పందేల్లో అలా జరుగుతుంటే మీ చూపులో ఏదో ఉంది. ఎప్పుడూ పైకే పోతుంటే ఇప్పుడు లాభంలో ఉన్నా జాగ్రత్త పడాలి.

లైవ్ బెట్టింగ్, క్యాష్ అవుట్ వాడాలా?

మొదటి ఏడాది లైవ్ వైపు, అంటే ఆట నడుస్తుండగా కాసే పందేల వైపు వెళ్లొద్దు. మీ తెరకు ఆట కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది, ధరలు మార్చే కంపెనీకి అంతకన్నా ముందే తెలుస్తుంది. దానికన్నా పెద్ద ప్రమాదం ఆలోచించే టైమ్ దొరకకపోవడం. నా నోట్‌బుక్‌లో నష్టాల పేజీలు తిరగేస్తే ఎక్కువ భాగం రాత్రి పూట, ఆట మధ్యలో, టెన్షన్‌లో కాసినవే.

క్యాష్ అవుట్ అంటే ఆట ముగియకముందే కంపెనీ మీ పందేన్ని తిరిగి కొనుక్కోవడం. 3.00 దగ్గర 100 పెట్టారు, ఇప్పుడు మీ జట్టు ధర 1.50కి దిగింది. మీ పందెం విలువ 300ను 1.50తో భాగిస్తే వచ్చే 200. తెర మీద 185 అని కనబడితే ఆ 15 మీరు కట్టే రుసుము. 2015-16 సీజన్‌కు ముందు లెస్టర్ సిటీ అనే ఫుట్‌బాల్ జట్టు ఇంగ్లండ్‌లోని ప్రీమియర్ లీగ్ గెలుస్తుందన్నదానికి 5000/1 ఇచ్చారు. ఆ జట్టు గెలిచింది. అంత ధరకు పెట్టినవాళ్లలో కొందరు మధ్యలోనే క్యాష్ అవుట్ చేసుకుని కొద్ది మొత్తంతో బయటపడ్డారు. జీవితాన్ని మార్చే మొత్తమైతే తీసుకోవడంలో తప్పు లేదు. ప్రతి చిన్న పందేనికీ భయపడి నొక్కుతుంటే మాత్రం రెండుసార్లు మార్జిన్ కడుతున్నట్టే.

బోనస్ ఉచితమే కదా?

షరతులు చదవండి. 1,000 బోనస్ ఇచ్చి "పది రెట్లు ఆడాలి" అంటే 10,000 పందేలుగా తిప్పాకే డబ్బు బయటకు వస్తుంది. 1.91 లాంటి ధరల దగ్గర వందకు నాలుగున్నర చొప్పున ఈలోపు సగటున 450 పోతుంది. పాతిక రెట్లయితే బోనస్ కన్నా ఎక్కువే పోతుంది.

టెలిగ్రామ్‌లో ఒకాయన వరుసగా అయిదు మ్యాచ్‌లు కరెక్టుగా చెప్పాడు. నమ్మొచ్చా?

వద్దు. ఆ అయిదూ ఎలా కరెక్టయ్యాయో చూడండి. 1,024 మందికి సందేశం పంపుతాడు, సగం మందికి ఒక జట్టు పేరు, మిగతా సగానికి రెండో జట్టు పేరు. తప్పు వచ్చినవాళ్లను వదిలేసి 512 మందికి మళ్లీ అదే పని. అయిదు మ్యాచ్‌లయ్యేసరికి 32 మందికి అతను దేవుడిలా కనిపిస్తాడు. ఆరో దానికి ఫీజు అడుగుతాడు. ఆ 32 మందిలో మీరొకరు.

"ఫిక్స్ అయిన మ్యాచ్, లోపలి సమాచారం" అని అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్లు ఇంకా ప్రమాదకరం. ఫిక్సింగ్ జరగదని కాదు. 2010 లార్డ్స్ టెస్టులో కావాలని నోబాల్స్ వేసిన వ్యవహారంలో ముగ్గురు పాకిస్తాన్ క్రికెటర్లు నిషేధానికీ, ఆపై జైలుకూ గురయ్యారు. కానీ నిజంగా అలాంటి సమాచారం ఉన్నవాడు దాన్ని ముక్కూ మొహం తెలియనివాళ్లకు చిన్న ఫీజుకు అమ్ముకోడు. ఒకవేళ నిజమే అయినా అందులో చేయి పెట్టడం నేరం.

ఏ కంపెనీని నమ్మాలి?

మీ ప్రాంతంలోని నియంత్రణ సంస్థ లైసెన్సు ఉన్నదాన్నే. లైసెన్సు నంబరును ఆ సంస్థ సొంత జాబితాలో సరిచూసుకోండి, సైట్ అడుగున ఉన్న బొమ్మను నమ్మొద్దు. చిన్న మొత్తం వేసి, వెంటనే కొంత వెనక్కి తీసుకుని చూడండి. డబ్బు తీసుకోవడానికి మళ్లీ డబ్బు కట్టమంటే అది మోసమే.

అలవాటు చేయి దాటుతోందని ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న నన్ను ఎవరు అడిగినా ముందు వాళ్ల పక్కన కూర్చుంటాను. అడిగారంటే లోపల ఏదో ఇబ్బంది మొదలైనట్టే.

పెట్టిన మొత్తం గురించి ఇంట్లో అబద్ధం చెప్పడం, పోయినదాన్ని రాబట్టడానికి మర్నాడే మళ్లీ పెట్టడం, అదే కిక్ కోసం మొత్తం పెంచుతూ పోవడం, మానేద్దామంటే చిరాకు, నిద్ర పట్టకపోవడం, స్నేహితుల దగ్గర కారణం చెప్పకుండా అప్పు చేయడం. వీటిలో రెండు మూడు మీలో కనిపిస్తే ఈ రోజే ఆపండి. ఇది బలహీనత కాదు, జబ్బు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో జూద వ్యసనాన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాలతో ఒకే విభాగంలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని రుగ్మతగా గుర్తించింది. సైకియాట్రిస్టు దగ్గర చికిత్స ఉంది. జూదం మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే గ్యాంబ్లర్స్ అనానిమస్ బృందాలు 1957లో లాస్ ఏంజెలిస్‌లో మొదలై, ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తున్నాయి.

చేతిలో ఉన్న పనులు ముందు చేయండి. లైసెన్సున్న కంపెనీల్లో సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ అనే సదుపాయం ఉంటుంది, దాంతో మీ ఖాతాను మీరే మూయించుకోవచ్చు. యాప్‌లు తీసేయండి. కొంతకాలం డబ్బు వ్యవహారాలు నమ్మకమైన మనిషి చేతికి ఇవ్వండి. అప్పులెన్ని ఉన్నాయో ఒక కాగితం మీద రాసి ఆ మనిషికి చూపించండి. చూపించే ముందు ప్రాణం పోయినట్టుంటుంది, చూపించాక ఊపిరి ఆడుతుంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండొద్దు, వెంటనే దగ్గరివాళ్లకు గానీ అత్యవసర సహాయ నంబరుకు గానీ ఫోన్ చేయండి. డబ్బు నష్టాన్ని మెల్లగా అయినా పూడ్చుకోవచ్చు.

డబ్బు పెట్టకుండా నేర్చుకునే దారి ఉందా?

ఉంది, అందరినీ ముందు అదే చేయమంటాను. ఒక నోట్‌బుక్ తీసుకుని వంద ఉత్తుత్తి పందేలు రాయండి. ఒక్క ఆట, ఒక్క లీగ్ చాలు. ప్రతిదానికీ ముందు మీ శాతం రాయండి, తర్వాతే ధర చూడండి. ధర ముందు చూస్తే మీ అంచనా దానివైపే జరిగిపోతుంది. మ్యాచ్ మొదలయ్యేటప్పటి ధర కూడా పక్కన రాసుకోండి. వంద అయ్యాక మీరు 60 శాతం అన్నవి నిజంగా అరవై దగ్గర్లో నెగ్గాయో లేదో లెక్కపెట్టండి. నలభై అయిదే నెగ్గితే ఇంకో వంద రాయండి, మళ్లీ ఉత్తుత్తివే.